అమెరికాలో దొరకదంటే అందులో విషం ఉన్నట్టేనా?



పోస్టు కొంచెం పెద్దదే. ఓపిక చేసుకుని చివరిదాకా చదవమని మనవి. సగం చదివి కింద తిట్టు రాసేవాళ్లు ఎలాగూ రాస్తారు, వాళ్లకీ నమస్కారమే.

నెల రోజులుగా మన బరంపురం వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది. "అమెరికాలో అమ్మని వస్తువులు, మన ఇంట్లో మాత్రం రోజూ వాడే విషాలు" అని దాని తలకట్టు. ఆవనూనె, కాటుక, లోపల బొమ్మ ఉండే చాక్లెట్ గుడ్డు, ఇంకా నాలుగైదు పేర్లు. కింద ఎర్రటి పుర్రె బొమ్మ. ఎందుకు అమ్మరో ఒక్క ముక్క లేదు. అది చూసి ఇద్దరు ముగ్గురు కార్యవర్గ సభ్యులు, ఈసారి వార్షిక సంతర్పణలో ఆవనూనెతో ఏ వంటా చెయ్యకూడదని, ఆ సంగతి పందిట్లో బోర్డు రాసి పెట్టాలని అంటున్నారు. రెండో పక్షం ఊరుకుంటుందా? "మన సంప్రదాయం మీద అమెరికావాళ్లకి కుళ్లు, మన కాటుకనీ మన నూనెనీ చూసి ఓర్వలేక ఆపేశారు, మనం రెట్టింపు వాడి చూపించాలి" అని వాళ్లు.

ఈ రెండు పక్షాలతోనూ మాకు పేచీ ఉంది. పైకి ఒకరికొకరు విరోధుల్లా కనిపిస్తారు గానీ, ఇద్దరూ చేసేది ఒకటే పని. మన వంటింట్లో ఏది ఉండాలో, మన పసిపిల్లల కళ్లకి ఏది పెట్టాలో అమెరికా అంగడి చూసి తేల్చుకుంటున్నారు. ఒకరు అక్కడ లేదని పారేస్తానంటారు, ఒకరు అక్కడ లేదని నెత్తిన పెట్టుకుంటానంటారు. ఎందుకు లేదు అని అడిగినవాళ్లు మాత్రం లేరు.

అడగాల్సింది అదే. ఒక వస్తువు ఒక దేశపు అంగట్లో లేకపోవడానికి కారణాలు చాలా ఉంటాయి. కొన్ని ప్రాణానికి సంబంధించినవి, కొన్ని పన్నుకి, కొన్ని పురుగుకి, కొన్ని వట్టి కాగితానికి. కారణం తెలియకుండా నిషేధాన్ని మాత్రం అరువు తెచ్చుకుంటే, పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టే అవుతుంది.

ముందు ఆ చాక్లెట్ గుడ్డు సంగతి. కిండర్ సర్‌ప్రైజ్ అనే ఆ గుడ్డుని ఇటలీకి చెందిన ఫెరెరో కంపెనీ 1974 నుంచి అమ్ముతోంది. చాక్లెట్ పెంకు లోపల ప్లాస్టిక్ డబ్బీ, డబ్బీలో బొమ్మ. యూరప్ పిల్లలు తరాలుగా తింటున్నారు. అమెరికాలో అమ్మకూడదు. విదేశాల నుంచి వస్తూ సంచిలో తెచ్చినా కస్టమ్స్ వాళ్లు తీసేసుకుంటారు. చాక్లెట్‌లో విషం ఉందనా? కాదు. 1938లో చేసిన ఆహార, ఔషధ, సౌందర్య సాధనాల చట్టంలో ఒక నిబంధన ఉంది. మిఠాయి లోపల తినడానికి పనికిరాని వస్తువు దాచి అమ్మకూడదు. లాలీపాప్ పుల్లలాగా ఆ వస్తువుకి ఏదో పని ఉంటే తప్ప వీల్లేదు. చిన్నపిల్లల గొంతులో బొమ్మ ముక్కలు అడ్డుపడతాయన్న భయం కూడా అధికారులకి ఉంది. అంతవరకే. 2017 చివర్లో అదే కంపెనీ కిండర్ జాయ్‌ని అమెరికాలో దించింది. అందులో క్రీము ఒక అరలో, బొమ్మ ఇంకో అరలో, మధ్యలో మూత. చట్టానికి అభ్యంతరం లేకుండా పోయింది. మన పిల్లలు కిరాణా కొట్లో ఏడ్చి కొనిపించుకునేది ఈ కిండర్ జాయే. ఆ కంపెనీకి మహారాష్ట్రలోని బారామతిలో ఫ్యాక్టరీ ఉంది. షోలాపూర్, పుణె వైపు ఉన్న మన సభ్యులకి ఈ సంగతి తెలిసే ఉంటుంది.

ఇది చదివి, "చూశారా, అమెరికా చట్టాలన్నీ ఇలాంటి చాదస్తాలే" అని రెండో పక్షంవారు చంకలు గుద్దుకుంటారేమో. ఆగండి. ఆ 1938 చట్టం ఎక్కణ్ణుంచి వచ్చిందో కూడా వినండి.

1937లో అమెరికాలో ఒక మందుల కంపెనీ సల్ఫానిలమైడ్ అనే మందుని తియ్యటి ద్రవంగా చేసి అమ్మింది. మందు కరగడానికి డైఇథిలీన్ గ్లైకాల్ అనే ద్రావకం కలిపింది. అది మూత్రపిండాలని చంపేసే విషం. వందమందికి పైగా చనిపోయారు, వాళ్లలో చాలామంది పిల్లలు. అప్పటి చట్టం ప్రకారం, అమ్మే ముందు మందు భద్రమైనదో కాదో పరీక్షించాలన్న నియమమే లేదు. కంపెనీ మీద కేసు పెట్టడానికి దొరికింది లేబుల్ తప్పు ఒక్కటే. ఎలిక్సిర్ అని పేరు పెడితే అందులో ఆల్కహాల్ ఉండాలి, ఇందులో లేదు. అంతమంది చనిపోతే నేరం పేరు తప్పుగా రాయడం! ఆ సిగ్గుతో పుట్టింది 1938 చట్టం. అమ్మే ముందు రుజువు చూపించు అనే నియమం అలా వచ్చింది.

ఆ ద్రావకం పేరు గుర్తుపెట్టుకోండి. 2022లో గాంబియా దేశంలో దాదాపు 70 మంది పసిపిల్లలు చనిపోయినప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిక జారీచేసింది మన దేశంలో తయారైన దగ్గు సిరప్‌ల మీద. వాటిలో ఉన్నట్టు చెప్పింది డైఇథిలీన్ గ్లైకాల్, దాని జాతిదే ఇంకొక రసాయనం. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా జిల్లాలో 20 మందికి పైగా పిల్లలు చనిపోతే, తమిళనాడులో తయారైన సిరప్‌లో మళ్లీ అదే దొరికింది. 1937లో అమెరికా నేర్చుకున్న పాఠం మనకి ఇంకా ఒంటబట్టలేదు. కాబట్టి అమెరికా చట్టాన్ని వెక్కిరించే ముందు మనం కొంచెం తల దించుకోవాలి. చాక్లెట్ గుడ్డుని ఆపిన చట్టం, పిల్లల ప్రాణాల మీద కట్టిన చట్టం, రెండూ ఒకటే పుస్తకం. అందులో ఏ పేజీ మనకి పనికొస్తుందో చూసుకునే తెలివి మనకుండాలి.

ఇప్పుడు ఆరోగ్యంతో ఏమాత్రం సంబంధం లేని కారణం ఒకటి. టయోటా హైలక్స్ అనే పికప్ బండి ప్రపంచమంతా తిరుగుతుంది. ఎడారిలో, బురదలో, కొండల్లో ఎక్కడ పడితే అక్కడ కనిపిస్తుంది. మన దేశంలో 2022 నుంచి అమ్ముతున్నారు, కర్ణాటకలోని బిడదిలో బిగిస్తున్నారు. బెంగళూరు సభ్యులు మైసూరు రోడ్డు మీద ఆ ఫ్యాక్టరీ ముందు నుంచే పోతుంటారు. పికప్ బండ్లంటే ప్రాణం పెట్టే అమెరికాలో మాత్రం ఈ బండి దొరకదు. చెడ్డ బండనా?

కారణం కోడి. 1960ల మొదట్లో అమెరికా నుంచి చవక కోడిమాంసం యూరప్‌కి వెల్లువలా వెళ్లింది. ఫ్రాన్స్, పశ్చిమ జర్మనీ రైతులు గగ్గోలు పెట్టారు. అక్కడి ప్రభుత్వాలు కోడి మీద పన్ను పెంచాయి. అమెరికా అధ్యక్షుడు లిండన్ జాన్సన్ దానికి బదులుగా బ్రాందీ మీద, బంగాళాదుంప పిండి మీద, డెక్స్‌ట్రిన్ మీద, చిన్న ట్రక్కుల మీద 25 శాతం సుంకం వేశాడు. 1964 నుంచి అమలు. అత్త మీద కోపం దుత్త మీద చూపించడమంటే ఇదే. తరువాత మిగతావాటి మీద సుంకం పోయింది, ట్రక్కు మీద మాత్రం ఉండిపోయింది. అరవై ఏళ్లు దాటినా దాన్ని కోడి పన్ను అనే పిలుస్తారు. ఆ సుంకం కట్టి బయట తయారైన పికప్‌ని అమ్మడం గిట్టదు. టయోటా 1995లో అమెరికా కోసం టకోమా అనే వేరే బండి తెచ్చుకుంది, హైలక్స్ అక్కడ ఆగిపోయింది.

ఈ సుంకం తప్పించుకోవడానికి అమెరికా కంపెనీ ఫోర్డే ఏం చేసిందో వింటే నవ్వొస్తుంది. టర్కీలో తయారుచేసిన సరుకు వ్యానులకి వెనక సీట్లు బిగించి, ఇవి మనుషులెక్కే బండ్లని చూపించి ఓడ దించేది. రేవు దాటగానే సీట్లు ఊడబీకి సరుకు వ్యానులుగా అమ్మేది. ఆ వ్యవహారం చివరికి 2024లో 36 కోట్ల 50 లక్షల డాలర్ల రాజీతో ముగిసింది. హైలక్స్ అమెరికాలో దొరకదని ఎవరైనా పుర్రె బొమ్మతో ఫార్వర్డ్ పంపుతారా? పంపరు. ఎందుకంటే అక్కడ కారణం సుంకమని చూస్తే తెలిసిపోతుంది. అదే పద్ధతి నోట్లో వేసుకునే వస్తువులకి ఎందుకు వాడం?

మామిడిపండు సంగతి చూడండి. మన మామిడికి అమెరికా ఏళ్ల తరబడి తలుపు తియ్యలేదు. పండు తింటే జబ్బు చేస్తుందని కాదు. పండు లోపల టెంక పురుగు ఉంటుంది, పండు ఈగ గుడ్లు ఉంటాయి, అవి వచ్చి మా తోటల్లో పడితే మా రైతు నాశనమవుతాడని వాళ్ల భయం. అది న్యాయమైన భయమే. చివరికి పండ్లకి గామా కిరణాలు పట్టించి పంపే ఒప్పందం కుదిరింది. నాసిక్ జిల్లా లాసల్‌గావ్‌లో ఆ ఏర్పాటు చేశారు. 2007 ఏప్రిల్‌లో మొదటి పెట్టెలు వెళ్లాయి. దానికి ఎదురుగా మన దేశం హార్లీ డేవిడ్సన్ మోటారు సైకిళ్లకి తలుపు తీసింది. పండు అదే, తీపి అదే. 2006లో విషమై 2007లో అమృతమైందా? దేశాల మధ్య బేరం కుదిరింది, అంతే.

ఎండ నుంచి కాపాడే సన్‌స్క్రీన్ విషయం ఇంకో రకం. యూరప్‌లో దాన్ని సౌందర్య సాధనం కింద లెక్కేస్తారు. అమెరికాలో అది మందు. మందు అనేసరికి ఒక్కొక్క రసాయనానికీ బోలెడు పరీక్షల ఫలితాలు చూపించాలి, ఏళ్లు పడుతుంది. 1999 నాటి వాళ్ల జాబితాలో 16 పదార్థాలున్నాయి. ఆ తరవాత రెండు దశాబ్దాలకు పైగా ఆ జాబితాలోకి కొత్తది ఒక్కటీ చేరలేదు. బెమోట్రిజినాల్ అనే పదార్థాన్ని యూరప్, ఆస్ట్రేలియా, ఆసియా దేశాల్లో అంతకాలమూ వాడుతూనే ఉన్నారు. ఆలస్యం తగ్గించడానికి 2014లో అమెరికా ప్రత్యేకంగా ఒక చట్టమే చేసుకుంది, అయినా ఏళ్లు గడిచాయి. అక్కడి చర్మవైద్యులే మంచి సరుకు మనకి రావడం లేదని మొత్తుకున్నారు. అంటే అమెరికాలో దొరకకపోవడం అమెరికావాళ్లకే నష్టమైన సందర్భం కూడా ఉంటుందన్నమాట.

ఇక మన సంతర్పణ దాకా వచ్చిన ఆవనూనె.

ఆవనూనెని వంటనూనెగా అమెరికాలో అమ్మకూడదన్నది నిజమే. మన పిల్లల దగ్గరికి వెళ్లివచ్చిన సభ్యులు అక్కడి ఇండియన్ కొట్లలో ఆవనూనె సీసాలు చూసే ఉంటారు. "ఒంటికి రాసుకోవడానికి మాత్రమే" అని వాటి మీద రాసి ఉంటుంది. కొనేవాళ్లు దేనికి కొంటారో అమ్మేవాడికీ తెలుసు, కొనేవాడికీ తెలుసు. ఇక్కడ కారణం ఎరూసిక్ ఆమ్లం. ఆవనూనెలో అది 20 నుంచి 40 శాతం దాకా ఉంటుందని అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ చెబుతుంది. ఎలుకలకి ఎక్కువ మోతాదులో పెట్టినప్పుడు గుండె కండరంలో కొవ్వు పేరుకుని దెబ్బతింది. యూరప్ కూడా ఆవనూనెలో ఆ ఆమ్లానికి 5 శాతం హద్దు పెట్టింది. కాబట్టి ఇది వట్టి కోడి పన్ను లాంటిది కాదు. వెనక ఒక శాస్త్రపు ప్రశ్న ఉంది, దాన్ని దాచిపెట్టి రెండో పక్షాన్ని సంతోషపెట్టే ఉద్దేశం మాకు లేదు.

కానీ ఎలుకకి జరిగిందే మనిషికీ జరుగుతుందని తేల్చిన రుజువు లేదు. మన ఒడియా పొరుగువాళ్లు, బెంగాలీలు, బీహారువాళ్లు తరతరాలుగా దానితోనే వండుకుంటున్నారు. మన దేశంలో అది చట్టబద్ధమైన వంటనూనె. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ఎప్పటినుంచో చెప్పే మాట ఒకటే. ఏ నూనె అయినా మితంగా వాడండి, ఒకే నూనె పట్టుకుని కూర్చోకుండా మార్చి మార్చి వాడండి. మన ఇళ్లలో ఎలాగూ వేరుశనగ నూనె, నువ్వుల నూనె ఉన్నాయి. గుండెజబ్బు ఉన్నవాళ్లు వాళ్ల డాక్టరుని అడగాలి. దీనికి బోర్డు ఎందుకు, పుర్రె ఎందుకు?

పైగా ఆవనూనెలో మనుషుల్ని నిజంగా చంపిన ప్రమాదం వేరే ఉంది, ఆ ఫార్వర్డ్‌లో దాని ఊసే లేదు. 1998లో ఢిల్లీలో ఆవనూనె తిన్న కుటుంబాలకి ఒళ్లు నీరుపట్టి, గుండె ఆగి, 60 మంది దాకా చనిపోయారు. అది ఎరూసిక్ ఆమ్లం పని కాదు. బ్రహ్మదండి గింజల నూనె కలిసిన కల్తీ. ఆ గింజ చూడటానికి ఆవగింజలాగే ఉంటుంది. కాబట్టి మన వంటకమిటీ పట్టించుకోవాల్సింది అమెరికా ఏమంటుందన్నది కాదు. మన పందిట్లోకి వచ్చే నూనె డబ్బా సీలుతో ఉందా, దాని మీద 14 అంకెల లైసెన్సు నంబరు ఉందా, లేక ఎక్కడో డ్రమ్ములోంచి పట్టుకొచ్చిన విడినూనా? ఏటా నూనె ఎంతకొచ్చిందని చూస్తున్నాం. ఎక్కణ్ణుంచి వచ్చిందని చూడాలి.

ఇంకొక మాట. మనం ఈ ఊళ్లో తరాలుగా ఉంటున్నాం. మన సంతర్పణకి ఒడియా పొరుగువాళ్లు వస్తారు, వరుస కలుపుకుని పిలుచుకుంటాం, వాళ్ల పండగలకి మనం వెళ్తాం. వాళ్ల వంటింట్లో రోజూ కాగే నూనెని మన పందిట్లో బోర్డు కట్టి విషం అని రాస్తే, భోజనానికి పిలిచి ముఖం మీద కొట్టినట్టు కాదా? సరిహద్దు గీతలు మారినప్పుడు, బడులు మారినప్పుడు, మన భాష గురించి ఎవరో ఒక మాట తూలితే ఎంత నొచ్చుకున్నామో మనకి తెలుసు. వంటా భాషలాంటిదే. రుజువు చేతిలో పెట్టుకుని మాట్లాడాలి, ఫార్వర్డ్ పట్టుకుని కాదు.

ఇప్పుడు కాటుక. ఇక్కడ మాత్రం మొదటి పక్షం పూర్తిగా తప్పని మేము అనం. ఇక్కడ రెండో పక్షంతోనే గట్టిగా పోట్లాడతాం.

కాటుక, సుర్మా లాంటివాటిని రంగు పదార్థంగా అమెరికా అనుమతించలేదు. సుర్మా చాలాచోట్ల సీసపు ఖనిజం నూరి చేస్తారు. కొన్ని నమూనాల్లో బరువులో సగానికి పైగా సీసమే ఉందని ఎఫ్‌డీఏ రాసిపెట్టింది. సీసం పసివాళ్ల మెదడుని దెబ్బతీస్తుంది, రక్తం తగ్గిస్తుంది, మూత్రపిండాలని పాడుచేస్తుంది. పిల్లలకి ఇంత వరకు ఫరవాలేదు అనే హద్దే లేదు. బిడ్డ కళ్లు నులుముకుంటుంది, ఆ చెయ్యి నోట్లో పెట్టుకుంటుంది, సీసం కడుపులోకి పోతుంది. కన్నుకి పెట్టింది కన్ను దగ్గరే ఉండదు. మన దేశపు చట్టం కూడా సౌందర్య సాధనాల్లో రంగు కోసం సీసం కలపడాన్ని నిషేధించింది. ఆ చట్టం సంతలో, జాతర్లో, గుడి ముందు తట్టలో అమ్మే పేరూ ఊరూ లేని డబ్బీ దాకా రాదు.

"మా అమ్మమ్మ పెట్టింది, మా కళ్లు బాగానే ఉన్నాయి కదా" అంటారు. అమ్మమ్మ పెట్టింది ఏమిటి? ఆముదపు దీపం మీద ఇత్తడి పళ్లెం బోర్లించి, పట్టిన మసిని నెయ్యితోనో ఆముదంతోనో రంగరించింది. అందులో సీసపు ఖనిజం లేదు. అది మసి, ఇది రాయి. అమెరికా రెండింటినీ ఒకే గంపలో వేసింది, నిజమే. మసి కాటుకకి అక్కడ చోటు లేకపోవడానికి కారణం ఆ రంగు వాళ్ల జాబితాలో లేకపోవడం. సీసపు సుర్మాకి చోటు లేకపోవడానికి కారణం ప్రాణం. కారణం విడదీసి చూస్తేనే ఈ తేడా కనిపిస్తుంది. అమ్మమ్మ పేరు చెప్పి సంత డబ్బీని సమర్థించడం అమ్మమ్మకే అన్యాయం. ఇక మసి అయినా సరే, పసివాళ్ల కంట్లో వేలు పెట్టి రాయవద్దని పిల్లల డాక్టర్లు చెబుతున్నారు, సూక్ష్మజీవులు చేరతాయని. దిష్టి తగలకూడదనే కదా మన తాపత్రయం? ఇంట్లో పట్టిన మసితో అరికాలికి చుక్క పెట్టండి. దిష్టి అడ్డుకునే చుక్క కంట్లోనే ఉండాలని ఎవరూ శాసనం రాయలేదు.

మన సంఘం కొత్తగా పుట్టిన బిడ్డలకి ఇచ్చే కానుక బుట్టలో చొక్కా, గిలకతోపాటు సంతలో కొన్న కాటుక డబ్బీ కూడా పెడుతున్నాం. సంతర్పణ నూనె గురించి ఇంత గొడవ చేసినవాళ్లు ఎవరూ ఆ డబ్బీ గురించి నోరెత్తలేదు. సంఘం పేరుతో, పసుపు కుంకుమలతో, చప్పట్ల మధ్య మనం తల్లి చేతిలో పెడుతున్న వస్తువది. అందులో ఏముందో మనలో ఒక్కరికీ తెలియదు. తీసెయ్యాల్సింది అది. అమెరికా అన్నదని కాదు, బిడ్డ మనదని.

అమెరికా అంగడిని దేవుడి పీఠం మీద కూర్చోబెట్టేవాళ్లకి రెండు సంగతులు చెప్పి ముగిస్తాం. నిమ్మ, నారింజ రుచుల కూల్‌డ్రింకుల్లో నూనె పైకి తేలకుండా కలిపే బ్రోమినేటెడ్ వెజిటబుల్ ఆయిల్‌ని మన దేశం 1990లోనే ఆపేసింది. అమెరికా ఆపింది 2024లో. మధ్యలో 34 ఏళ్లు. రొట్టె పిండి పొంగడానికి వాడే పొటాషియం బ్రోమేట్‌కి క్యాన్సర్ అనుమానం ఉందని యూరప్ 1990లో ఆపింది, మనం 2016లో ఆపాం. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం దాన్ని 2027 నుంచి ఆపుతానని 2023లో చట్టం చేసింది. ఈ రెండు విషయాల్లో వెనకపడ్డది అమెరికాయే. మరి "ఇండియాలో అమ్మనివి, అమెరికాలో మన పిల్లలు తినేవి" అని పుర్రె బొమ్మతో ఒక్క ఫార్వర్డ్ అయినా మనకి వచ్చిందా? పొరుగింటి పుల్లకూర ఎప్పుడూ రుచే.

ఇందులో వ్యాపారం కూడా ఉంది. పచ్చళ్ల సీసా మీద, మూలికల పొడి మీద, జుట్టు నూనె మీద "ఎఫ్‌డీఏ రిజిస్టర్డ్" అని బంగారు ముద్ర వేసి రెట్టింపు ధర పెడుతున్నారు. రిజిస్టర్ అంటే ఆ ఫ్యాక్టరీ తన పేరు, చిరునామా ఆ సంస్థ దగ్గర నమోదు చేసుకుందని మాత్రమే. సరుకు మంచిదని ఆ సంస్థ చెప్పినట్టు కాదు. ఆహారపు ఫ్యాక్టరీలకి యోగ్యతా పత్రాలు ఇవ్వమని వాళ్లే స్పష్టంగా చెబుతారు. అమెరికాలో అమ్మరని భయపెట్టి ఒకడు లైకులు సంపాదిస్తాడు, అమెరికాలో నమోదైందని మురిపించి ఇంకొకడు డబ్బు సంపాదిస్తాడు. ఇద్దరికీ పెట్టుబడి ఒకటే. కారణం అడగని మన బద్ధకం.

"అదంతా సరే, వాళ్ల దగ్గర పెద్ద పెద్ద ప్రయోగశాలలున్నాయి, మనకేం తెలుసు, వాళ్ల మాట వింటే పోలా?" అని మనలో చదువుకున్నవాళ్లే అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్నే. వాళ్ల పరీక్షలు చాలాసార్లు మనకన్నా గట్టివి, దగ్గు మందుల విషయంలో చూశాం కదా. అందుకే వాళ్ల పరీక్ష ఫలితాన్ని తీసుకుందాం, వాళ్ల అంగడి జాబితాని కాదు. ఫలితంలో కారణం ఉంటుంది. జాబితాలో కోడి పన్నూ ఉంటుంది, మామిడి పురుగూ ఉంటుంది, సీసమూ ఉంటుంది. అన్నిటికీ ఒకటే పుర్రె బొమ్మ వేస్తే, నిజంగా పుర్రె వెయ్యాల్సినదాన్ని కూడా జనం నమ్మరు.

వచ్చే సర్వసభ్య సమావేశంలో మేము మూడు ప్రతిపాదనలు పెడుతున్నాం. ఒకటి, కానుక బుట్టలోంచి కాటుక డబ్బీ తీసేసి, ఆ డబ్బుతో బిడ్డకి ఒక మెత్తటి తువ్వాలు పెట్టాలి. రెండు, సంతర్పణకి కొనే నూనె ఏదైనా సరే, సీలు వేసిన డబ్బా, లైసెన్సు నంబరు, బిల్లు, ఈ మూడూ ఉంటేనే పందిట్లోకి రానివ్వాలి. ఆవనూనె మీద బోర్డు ఉండకూడదు. మూడు, సంఘం గ్రూపులో ఏ దేశం ఏది నిషేధించిందని మెసేజ్ పెట్టినా, ఎందుకు నిషేధించిందో ఒక్క వాక్యం పెట్టినవాళ్లే కింద రాయాలి. రాయకపోతే అడ్మిన్ తీసెయ్యాలి.

హోసూరు, షోలాపూర్, బెంగళూరు, యానాంలలో ఉన్న మన సంఘాలవాళ్లు కూడా మీ కానుక బుట్టల్లో ఏం పెడుతున్నారో ఒకసారి విప్పి చూడండి. ఏం కనిపించిందో కింద రాయండి. మా ప్రతిపాదనలు నచ్చనివాళ్లు కూడా రాయండి, కాకపోతే కారణంతో రాయండి.

సమావేశానికి అందరూ రండి. ఆవపెట్టిన కూర ఉంటుంది.